బీఎల్ మాంగాలో ప్రేమ ట్రోప్‌లు: గుర్తుపట్టడం, తూకం వేయడం, అభిప్రాయం రాయడం ఎలా?

బీఎల్ (బాయ్స్ లవ్, అంటే మగవాళ్ల మధ్య ప్రేమకథలు) మాంగా, అంటే జపాన్ కామిక్స్, చదివే మనవాళ్లు పదే పదే అడిగేవి మూడు. "కథ నచ్చింది గానీ ఎందుకు నచ్చిందో రాయమంటే మాట పెగలడం లేదు." "బొమ్మలు చూసి ముచ్చటపడి కొంటే మధ్యలో మనసు విరిచేసే సన్నివేశం వచ్చింది, ముందే తెలుసుకునే దారి లేదా?" "నాకు ప్రాణమైన ట్రోప్‌ను ఇంకొకరు చెత్త అంటున్నారు, ఏమని జవాబు చెప్పాలి?"

మూడింటికీ చేయాల్సిన పని ఒకటే. పాఠకులకు బాగా అలవాటైన కథావరసనే ట్రోప్ అంటున్నాం. ఆ వరసను ముక్కలుగా విడదీసి చూడటం వస్తే ఎంచుకోవడం, తూచడం, రాయడం అన్నీ తేలికవుతాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ట్రోప్ అనేది కథ మొదట్లో రచయిత మనకిచ్చే మాట. ఆ మాట నిలబెట్టుకోవడానికి కథలో ఎవరు నలిగారు, నలిగినవాళ్లకు నోరు విప్పే చోటు దొరికిందా అన్నదాన్ని బట్టే నేను పుస్తకాన్ని తూస్తాను. ఈ మార్గదర్శి అంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

1. పుస్తకం తెరవకముందు సిద్ధం కావలసినవి

ముందు చేతిలో ఉన్నది నిజంగా మాంగాయేనా చూసుకోండి. జపాన్ మాంగా కుడి నుంచి ఎడమకు చదవాలి. కొరియా వెబ్‌టూన్ ఫోన్‌లో పైనుంచి కిందికి జారుతుంది. చైనా డాన్‌మెయ్ ఎక్కువగా నవలల రూపంలో వస్తుంది. మూడింటిలోనూ మగవాళ్ల ప్రేమే ఉన్నా ట్రోప్‌ల నడక వేరు. వందల ఎపిసోడ్లు సాగే వెబ్‌టూన్ ఓపికతో, ఒక్క సంపుటిలో ముగిసే మాంగాను కొలిస్తే "తొందరగా కలిసిపోయారు" అన్న తప్పుడు ఫిర్యాదు వస్తుంది.

బీఎల్‌లో ఒకే సంపుటితో ముగిసే కథలు చాలా ఎక్కువ. ఒకే పుస్తకంలో రెండు మూడు జంటల చిన్న కథలు ఉండటమూ మామూలే. అట్ట మీది జంట సగంలోనే ముగిసిపోవచ్చు. విషయసూచిక చూడకుండా మొదలుపెడితే కథ అర్ధాంతరంగా ఆగిపోయినట్టు అనిపిస్తుంది.

వీలైనంత వరకు అధికారిక అనువాదమే చదవండి. విజ్ మీడియా వారి సబ్లైమ్, యెన్ ప్రెస్, సెవెన్ సీస్ వంటి సంస్థలు ఇంగ్లిష్‌లో బీఎల్ ప్రచురిస్తున్నాయి. రచయితకు డబ్బు అందడం ఒక కారణమైతే, అభిప్రాయం రాసేవాళ్లకు ఇంకో కారణం ఉంది. అభిమానులు హడావిడిగా చేసిన అనువాదంలో మొహమాటపు మాట మొరటు ఆజ్ఞగా మారిపోవచ్చు. దాన్ని పట్టుకుని పాత్రను తిడితే ఆ తిట్టు తప్పు మనిషికి తగులుతుంది.

వయసు సూచన తప్పనిసరిగా చూడండి. సబ్లైమ్ పుస్తకాల మీద 'ఓల్డర్ టీన్', 'మెచ్యూర్' అని ఉంటుంది. మెచ్యూర్ అంటే పెద్దలకు మాత్రమే.

జపనీస్ పాఠకుల సమీక్షలు చూడాలంటే చిల్‌చిల్ అనే బీఎల్ వెబ్‌సైట్ ఉంది. ఏటా పాఠకుల ఓట్లతో బీఎల్ అవార్డులు ఇచ్చేది వాళ్లే. పాత్రల స్వభావం, నేపథ్యం, కథ ధోరణి వంటి ట్యాగులు అక్కడ విడివిడిగా ఉంటాయి. బ్రౌజర్ అనువాదంతో చూసినా ట్యాగులు అర్థమైపోతాయి.

తెరిచే ముందు సరిచూసుకునేవి:

- సంపుటాలు ఎన్ని, కథ ముగిసిందా, ఇంకా నడుస్తోందా
- లోపల ఎన్ని జంటలు
- వయసు సూచన, హెచ్చరిక ట్యాగులు
- పాత్రలు స్కూల్లో ఉన్నారా, కాలేజీలోనా, ఉద్యోగంలోనా
- పేజీ నంబరుతో సహా రాసుకోవడానికి నోట్‌బుక్ లేదా ఫోన్‌లో నోట్స్

2. ట్రోప్‌ను మూడు పొరలుగా విడదీయండి

"ఆఫీస్ రొమాన్స్" అని ఊరుకుంటే ఏమీ చెప్పినట్టు కాదు. ప్రతి కథకూ ఈ మూడు పొరలు రాయండి.

మొదటి పొర, వాళ్లిద్దరూ ఒకరికొకరు ఏమవుతారు: చిన్ననాటి స్నేహితులు, సీనియర్-జూనియర్, బాస్-ఉద్యోగి, ఒకే అద్దె గది పంచుకునేవాళ్లు, ఒకప్పుడు విడిపోయినవాళ్లు.

రెండో పొర, మధ్యలో అడ్డం ఏముంది: భయం, హోదా, గతం, స్నేహం పోతుందన్న బెంగ, "నేను అలాంటివాణ్ణి కాదు" అన్న పట్టుదల.

మూడో పొర, కథను కదిలించేది ఏమిటి: కలిసి ఉండాల్సి రావడం, అబద్ధపు ప్రేమ ఒప్పందం, అనుకోకుండా తెలిసిపోయిన రహస్యం, ఏదైనా మాయాశక్తి.

ఈ మూడూ కలిపి ఒక వాక్యం చేయండి. "చిన్ననాటి స్నేహితులు, స్నేహం పోతుందన్న బెంగ, కాలేజీ కోసం టోక్యోలో ఒకే గదిలో ఉండాల్సి రావడం." ఇప్పుడు చెప్పడానికి పట్టు దొరికింది. నచ్చకపోతే ఏ పొర నచ్చలేదో వేలు పెట్టి చూపించవచ్చు. పాఠకులు ట్రోప్‌ను తిట్టేటప్పుడు ఎక్కువసార్లు వాళ్ల కోపం రెండో పొర మీదే ఉంటుందని నా గమనిక.

సెమె, ఉకె అన్న మాటలు కూడా ఇక్కడే తేల్చుకోవాలి. సెమె అంటే చొరవ తీసుకునే పాత్ర, ఉకె అంటే అందుకునే పాత్ర. జంట పేరు రాసేటప్పుడు జపాన్ అభిమానుల లెక్కలో ముందు సెమె పేరు, తర్వాత ఉకె పేరు వస్తాయి. చాలా కథల్లో ఈ విభజన ఎత్తుకూ వయసుకూ కూడా ముడిపడి ఉంటుంది: సెమె పొడుగు, ఉకె పొట్టి. ఆ మూసను తిప్పేసిన కథలకూ సొంత పేర్లున్నాయి. వయసులో చిన్నవాడు సెమె అయితే తొషిషిత జెమె, పాత్రలు మారుతూ ఉంటే రిబా.

మీ అభిప్రాయంలో ఈ మాటలు వాడండి, కానీ వాటిని పాత్ర స్వభావానికి బదులుగా వాడకండి. "అతను ఉకె కాబట్టి ఏడ్చాడు" అన్నది విశ్లేషణ కాదు. ఎందుకు ఏడ్చాడో కథలోంచే చెప్పాలి.

3. ఏ ట్రోప్ ఏ మాట ఇస్తుంది?

ప్రతి ట్రోప్ పక్కన అది ఇచ్చే మాట రాసుకోకుండా తీర్పుకు వెళ్లకండి. నాకు ముఖ్యమనిపించినవి చెబుతాను, మిగతావి మీరే రాసుకోండి.

చిన్ననాటి స్నేహితులు. దీని మాట: "నిన్ను ముందే పూర్తిగా ఎరిగినవాడు నిన్ను కొత్తగా చూస్తాడు." ఇందులో ఎదుటివాణ్ణి కొత్తగా చూసిన ఆ ఒక్క ప్యానెల్ (పేజీలోని ఒక బొమ్మ గడి) ఎక్కడుందో వెతకండి. అది లేకపోతే కథ స్నేహం దగ్గరే ఆగిపోయి, చివర్లో ముద్దు మాత్రం అతికించినట్టు ఉంటుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ట్రోప్ ఇదే కాబట్టి దీన్ని మరింత గట్టిగా పరీక్షిస్తాను.

ఒకవైపు ప్రేమ. దీని మాట: "ఓపికగా మోసిన బరువుకు గుర్తింపు దొరుకుతుంది." ఏళ్ల తరబడి ప్రేమించడం కథలో ఘనతగా కనిపిస్తుంది. అయితే ప్రేమ ఎంత పాతదైనా అవతలివాడు బాకీ పడ్డట్టు కాదు. ఆ తేడా కథకు తెలుసా లేదా చూడాలి.

పడనివాళ్ల మధ్య ప్రేమ. మొదట్లో ఉన్న పగకు నిజమైన కారణం ఉండాలి. అపార్థం మాత్రమే అయితే అది తొలగగానే కథలో ఊపిరి పోతుంది.

శరీరంతో మొదలై మనసుతో ముగిసేది. పెద్దల బీఎల్‌లో ఇది చాలా సాధారణం. జపాన్‌లో మామూలుగా "నాతో ఉంటావా?" అని అడిగి, ఒప్పుకున్నాకే జంట అనిపించుకుంటారు. ఈ ట్రోప్ ఆ వరసను తలకిందులు చేస్తుంది. కాబట్టి చివర్లో వచ్చే ఆ ప్రశ్నే దీని పరాకాష్ఠ. అది దాటవేసిన పుస్తకం మాట తప్పినట్టే.

పోయిన ప్రియుడి నీడ. 'గివెన్' అనే మాంగాలో మఫుయు చేతిలో తీగలు తెగిన గిటార్ ఉంటుంది. అది చనిపోయిన అతని ప్రియుడిది. తోటి విద్యార్థి రిట్సుకా దానికి తీగలు వేసి ఇవ్వడంతో కథ కదులుతుంది. ఇక్కడ అడ్డంకి పోటీదారుడు కాదు, పైకి రాని దుఃఖం. కొత్త ప్రేమ పాత ప్రేమను చెరిపేయాలని కథ అడుగుతోందా, దానికీ చోటు ఇస్తోందా అన్నదే ఈ ట్రోప్‌కు అసలు పరీక్ష. చోటిచ్చే కథలే నా మనసులో నిలుస్తాయి.

ఒమెగావర్స్. ఇంగ్లిష్ ఫ్యాన్ ఫిక్షన్‌లో (అభిమానులు రాసుకునే కథల్లో) పుట్టి జపాన్ బీఎల్‌లోకి వచ్చిన లోకం ఇది. మనుషుల్లో పైచేయి ఉన్న ఆల్ఫా, మామూలు బీటా, ఎక్కువగా చిన్నచూపుకు గురయ్యే ఒమెగా అనే మూడు తరగతులు. ఒమెగాలకు హీట్ అనే దశ, అంటే కోరిక అదుపు తప్పే కాలం, వస్తుంది. ఆల్ఫా మెడ వెనుక కొరికితే ఇద్దరూ త్సుగాయ్, అంటే విడదీయరాని జంట అవుతారు. నియమాలు పుస్తకం పుస్తకానికీ మారతాయి. అందుకే మొదటి అధ్యాయంలోనే ఈ మూడూ రాసిపెట్టుకోండి: హీట్‌ను ఆపే మందు ఎవరి చేతిలో ఉంది, జంటను తెంచే శక్తి ఎవరికుంది, ఒమెగాలు ఏ ఉద్యోగాలు చేస్తున్నారు. వీటికి జవాబిచ్చే ఒమెగావర్స్ సమాజంలోని అసమానత గురించి లోతుగా మాట్లాడగలదు. జవాబివ్వనిది "ప్రకృతి చేయించింది, నా తప్పు లేదు" అని తప్పించుకోవడానికి పనికొస్తుంది, అంతే.

వయసు తేడా. అంకెలు జాగ్రత్తగా చదవండి. జపాన్‌లో 2022 ఏప్రిల్ వరకు మేజర్ కావడానికి 20 ఏళ్లు నిండాలి, ఆ తర్వాత నుంచి 18. మద్యానికీ పొగాకుకూ ఇప్పటికీ 20 ఏళ్లే. కాబట్టి పాత పుస్తకంలో "ఇంకా మైనర్" అన్న పాత్ర కాలేజీ విద్యార్థి కావచ్చు. హైస్కూల్ పిల్లలైతే నా గీత స్పష్టం: చూపులు, ఉత్తరాలు, చేతిలో చేయి వరకు. స్కూలు పిల్లలను లైంగికంగా చూపించే పుస్తకం నేను చదవను, ఎవరికీ చెప్పను. మన ఐటీ చట్టంలోని 67బి సెక్షన్ కూడా పిల్లలను అశ్లీలంగా చూపించే డిజిటల్ సామగ్రిని నేరంగానే చూస్తుంది. టీచర్-విద్యార్థి ట్రోప్‌కు కూడా నా జవాబు ఇదే. చదువు పూర్తయి, మార్కులు వేసే చేయి మారేదాకా ఆగే కథకే నేను చెవి ఒగ్గుతాను.

4. "వద్దు" అన్న మాటకు ఏమైందో చూడండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. పాత బీఎల్‌లో బలవంతాన్ని మోహానికి రుజువుగా చూపించడం మామూలుగా ఉండేది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కొత్తగా చదివేవాళ్లకు ఎక్కువగా దెబ్బ తగిలేది కూడా ఈ చోటే.

మెల్లగా, ఈ వరసలో చూడండి.

మొదట, మాట చూడండి. ఒకడు "వద్దు", "ఆగు" అన్న ప్రతిచోటా పేజీ నంబరు రాసుకోండి.

తర్వాత, ఆ మాట వెంటనే వచ్చే ప్యానెల్ చూడండి. అవతలివాడు ఆగాడా? అడిగాడా? వినిపించుకోలేదా?

ఆపైన ముఖం, చేతులు చూడండి. మాంగాలో బొమ్మ కూడా మాట్లాడుతుంది. నోటితో "వద్దు" అంటూ చేత్తో చొక్కా పట్టుకుని దగ్గరకు లాక్కుంటే అది సిగ్గు అని చిత్రకారులు చెబుతున్నట్టు. గోడకు నొక్కుకుపోయి, కళ్లలో భయంతో ఉంటే అది భయమే, పక్కన ఎన్ని పువ్వులు గీసినా సరే.

చివరగా, మూడు నాలుగు అధ్యాయాలు దాటాక వెనక్కి చూడండి. జరిగినదాని గురించి కథ మళ్లీ మాట్లాడిందా? క్షమాపణ వచ్చిందా? వస్తే అది "నిన్ను చూసి ఆగలేకపోయాను" అన్న సాకుతో వచ్చిందా, "నేను చేసింది తప్పు" అన్న ఒప్పుకోలుతో వచ్చిందా?

ఈ రెండో రకం ఒప్పుకోలుకు నేను చాలా విలువిస్తాను. చీకటి కథలు చదవకూడదని నేను అనను. ఊహలో భయంకరమైన సంబంధాన్ని చదివి, అందులోంచి ఏదో అర్థం చేసుకునే హక్కు పాఠకులకు ఉంది. కానీ పుస్తకం చీకటిని చీకటిగా చూపాలి. బలవంతాన్ని పెళ్లి ఫొటోలాగా అలంకరించి, "ఇదే నిజమైన ప్రేమ" అని ముగించే పుస్తకానికి బొమ్మలు ఎంత బాగున్నా నేను మంచి మాట చెప్పను.

సిగ్గు, భయం తేడా తేలకపోతే సరిచేసే దారి: ఆ సన్నివేశాన్ని సంభాషణలు మూసి బొమ్మలు మాత్రమే చూడండి. తర్వాత బొమ్మలు వదిలి మాటలు మాత్రమే చదవండి. రెండూ వేర్వేరు కథలు చెబుతుంటే అదే మీ అభిప్రాయంలో రాయాల్సిన విషయం.

5. "నేను గే కాదు, నువ్వొక్కడివే" అన్న మాటను పరీక్షించండి

ఈ డైలాగ్ బీఎల్ పాఠకులందరికీ కంఠతా వచ్చు. ఇది రెండు రకాలుగా పనిచేస్తుంది.

ఒక రకంలో, పాత్ర నిజంగానే తికమకలో ఉంటాడు. తనకంటూ పేరు దొరకలేదు, ఎదుటివాడి మీద ప్రేమ మాత్రం దొరికింది. ఆ తికమక కథలో ముందుకు సాగితే అది నిజాయితీగల ప్రయాణం.

రెండో రకంలో, ఈ మాట గే మనుషుల నుంచి దూరం జరగడానికి వస్తుంది. "వాళ్లలాంటివాణ్ణి కాదు, మా ప్రేమ స్వచ్ఛం" అన్న అర్థం అడుగున ఉంటుంది. ఇది నాకు మింగుడుపడదు. మగవాళ్ల ప్రేమ మీద బతికే సాహిత్యంలో మగవాణ్ణి ప్రేమించే మనిషిగా ఉండటం అవమానం ఎలా అవుతుంది?

తేడా కనిపెట్టే పద్ధతి: కథలో ఇంకో గే పాత్ర ఉన్నాడా చూడండి. ఉంటే అతన్ని ఎలా గీశారు? బార్ నడిపే మంచి స్నేహితుడా, నవ్వించడానికి పెట్టిన వెకిలి మనిషా, వెంటపడే విలనా? నాయకులిద్దరి మీద కురిపించిన మర్యాదలో అతనికి ఎంత దక్కిందో రాయండి.

సమాజం కనిపిస్తోందా అన్నదీ ఇక్కడే చూడాలి. జపాన్‌లో టోక్యోలోని షిబుయా వార్డు 2015లో స్వలింగ జంటలకు భాగస్వామ్య పత్రాలు ఇవ్వడం మొదలుపెట్టింది. మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న 377 సెక్షన్ కింద పెద్దల సమ్మతితో కూడిన సంబంధాన్ని నేరం కాదని చెప్పింది, 2023 అక్టోబరులో మాత్రం స్వలింగ వివాహానికి చట్టబద్ధత ఇవ్వలేదు. ఈ నేపథ్యం తెలిసి చదివితే అమ్మానాన్నలకు చెప్పే సన్నివేశం, ఆసుపత్రి ఫారంలో 'బంధుత్వం' అన్న గడి, అద్దె ఇల్లు వెతికే పేజీ ఎంత బరువైనవో అర్థమవుతుంది. ఇవేవీ లేని తేలికైన కలల కథ కూడా తప్పు కాదు. కల అని ఒప్పుకుంటే చాలు.

6. అమ్మాయిల పాత్రలను లెక్కలోకి తీసుకోండి

ఇది చాలామంది వదిలేస్తారు. వదిలేయకండి.

- కథలో పేరున్న అమ్మాయి ఉందా
- ఆమె పని అసూయపడటం, అడ్డుపడటం మాత్రమేనా
- నిశ్చితార్థమైన అమ్మాయిని వదిలేస్తే, ఆమెకు జరిగిన నష్టం కథ గుర్తించిందా
- అక్క, తల్లి, సహోద్యోగిని, ఎవరికైనా సొంత జీవితం ఉందా

మాజీ ప్రియురాలిని రాక్షసిని చేస్తే తప్ప నాయకుడి ప్రేమ నిలబడదంటే, ఆ ప్రేమకు సొంత బలం లేదనే అర్థం.

7. చిన్న సన్నివేశ ట్రోప్‌లు: ఎక్కడ ఆగి చూడాలి

పెద్ద ట్రోప్ అట్ట మీదే తెలిసిపోతుంది. రచయిత పనితనం తెలిసేది చిన్న సన్నివేశాల్లో. బీఎల్‌లో మళ్లీ మళ్లీ వచ్చేవి ఇవి:

జ్వరం. ఒకడు ఒంటరిగా ఫ్లాట్‌లో పడి ఉంటాడు, ఇంకొకడు సంచిలో స్పోర్ట్స్ డ్రింక్ పట్టుకొచ్చి ఒకాయు, అంటే మన గంజిలాంటి మెత్తటి అన్నం వండిపెడతాడు. ఇందులో చూడాల్సింది వంటగది. అడగకుండానే గిన్నె ఎక్కడుందో తెలుసుకున్నాడంటే ఇంతకుముందు ఎన్నిసార్లు వచ్చాడో మనకు చెప్పకనే చెప్పినట్టు.

ఆఖరి రైలు తప్పిపోవడం. నిజంగా తప్పిందా, కావాలనే వదిలేశాడా? గడియారం ఉన్న ప్యానెల్ చూడండి.

స్నాతకోత్సవం నాటి రెండో గుండీ. జపాన్ స్కూళ్లలో మార్చిలో చదువు ముగుస్తుంది. యూనిఫాం కోటు రెండో గుండీ నచ్చినవాళ్లకు ఇవ్వడం ఆనవాయితీ. గుండీ ఎవరు అడిగారు, ఎవరు దాచుకున్నారు అన్నదే అక్కడ ప్రేమ ప్రకటన.

ఫిబ్రవరి 14 చాక్లెట్, మార్చి 14 జవాబు. మధ్యలో ఉన్న నెలను రచయిత ఎలా వాడుకున్నారో గమనించండి. బెంగ అంతా ఆ నెలలోనే ఉంటుంది.

పిలుపు మారడం. ఇంటిపేరుకు మన 'గారు'లాంటి 'సాన్' చేర్చి పిలిచినవాడు ఒకరోజు సొంత పేరుతో పిలుస్తాడు. 'మీరు' నుంచి 'నువ్వు'కు దిగేటప్పుడు మన గొంతు ఎలా తడబడుతుందో మనకు తెలుసు కాబట్టి తెలుగు పాఠకులు దీన్ని ఇట్టే పట్టుకోగలరు. ఆ పేజీ నంబరు తప్పకుండా రాసుకోండి. నెమ్మదిగా సాగే ప్రేమకథలో అసలు మలుపు ముద్దు దగ్గర కాక ఇక్కడే ఉండటం నేను చాలాసార్లు చూశాను.

8. ముగింపును విడిగా తూచండి

చివరి అధ్యాయానికి ముందు బలవంతపు విడిపోవడం బీఎల్‌లో పెద్ద జబ్బు. విదేశీ బదిలీ, రోడ్డు ప్రమాదం, చాటునుంచి సగం విన్న మాట. వీటికి ఒకే పరీక్ష పెట్టండి: ఇద్దరూ కూర్చుని కాసేపు మాట్లాడుకుంటే ఈ సమస్య తీరిపోతుందా?

తీరిపోయేదైతే, వాళ్లు ఎందుకు మాట్లాడుకోలేదో కథ ముందే చూపించి ఉండాలి. చిన్నప్పటి నుంచి కోరిక బయటపెడితే తిట్లు తిన్నవాడు నోరు మూసుకోవడం నమ్ముతాం. గలగలా మాట్లాడుతూ తిరిగినవాడు ఉన్నట్టుండి మూగవాడైతే నమ్మం.

కలిసిన తర్వాత ఏముందో కూడా చూడండి. జీతం, ఇల్లు, ఇంటిపని పంచుకునే పేజీలు రెండు ఉన్నా ఆ ప్రేమ నేలమీద నిలబడుతుంది.

9. అభిప్రాయం రాసే క్రమం

ఇప్పుడు నోట్స్ మీ ముందున్నాయి. ఈ వరసలో రాయండి.

(అ) మూడు పొరల వాక్యం.
(ఆ) ఆ ట్రోప్ ఇచ్చిన మాట.
(ఇ) మాట నిలబెట్టిన లేదా తప్పిన ఒక్క సన్నివేశం. ఒక్కటే, కానీ వివరంగా.
(ఈ) నలిగింది ఎవరు, వాళ్లకు నోరు దక్కిందా.
(ఉ) ఎవరు చదవవచ్చు, ఎవరు జాగ్రత్తపడాలి.

ఉదాహరణకు 'చెర్రీ మ్యాజిక్' అనే మాంగా తీసుకోండి. అడాచికి ఎవరినైనా తాకితే మనసులోని మాట వినిపించే శక్తి 30వ పుట్టినరోజుతో వస్తుంది. అదే ఆఫీసులో అందరి మన్ననలు పొందే కురొసావా తనను ప్రేమిస్తున్నాడని అలా తెలుస్తుంది.

మూడు పొరలు: సహోద్యోగులు, తనకు ప్రేమ దక్కే అర్హత లేదన్న అడాచి నమ్మకం, మనసు చదివే శక్తి.

ట్రోప్ ఇచ్చిన మాట: "నువ్వు ప్రేమకు తగవని అనుకుంటున్నప్పుడే ఒకరు నిన్ను నిండుగా ప్రేమిస్తున్నారు."

ఇక తూకం. ఒకవైపు ప్రేమ ట్రోప్‌లో మామూలుగా ప్రేమించినవాడి వేదన మనకు తెలుస్తుంది, అవతలివాడికి తెలియదు. ఇక్కడ అవతలివాడికీ తెలిసిపోతుంది, అదీ అనుమతి లేకుండా. తూకం వేసేవాళ్లు పట్టుకోవాల్సిన చోటు ఇదే: దాచుకున్న మనసును దొంగచాటుగా విన్నవాడు ఆ బరువును ఎలా మోస్తాడు? అడాచి దాన్ని ఆయుధంగా వాడుకోకుండా, వినకూడనిది విన్నానన్న ఇబ్బందితో నడుచుకోవడమే నాకు ఈ కథ మీద నమ్మకం కలిగించింది. రద్దీ లిఫ్ట్‌లో భుజం తగిలి తొలిసారి వినిపించే సన్నివేశం ఒక్కటి వివరిస్తే చాలు, సమీక్షకు వెన్నెముక దొరుకుతుంది.

చదవవచ్చు: పెద్దవాళ్ల ఆఫీసు కథ, మృదువైన నడక కావాలనుకునేవాళ్లు. జాగ్రత్త: వేగం, పెద్ద ఘర్షణ కావాలనుకునేవాళ్లకు నెమ్మదిగా అనిపించవచ్చు.

10. తరచూ జరిగే పొరపాట్లు, సరిచేసే దారులు

ట్రోప్‌ను తిట్టబోయి పాఠకులను తిట్టడం. "ఇది నచ్చేవాళ్లకు బుర్ర లేదు" అన్న వాక్యం కొట్టేసి, "ఈ పుస్తకంలో ఈ సన్నివేశం నన్ను ఆపేసింది" అని మార్చండి.

కథ మొత్తం చెప్పేయడం. మొదటి సంపుటిలో సగం వరకే చెప్పండి. హెచ్చరిక అవసరమైన విషయం మాత్రం కథ బయటపడినా సరే ముందే చెప్పండి. ఒక పాఠకురాలి మనశ్శాంతి ముందు మలుపు రహస్యం పెద్దది కాదు.

బొమ్మల అందానికి లొంగి కథకు మార్కులు వేయడం. బొమ్మల గురించి విడిగా ఒక పేరా రాయండి: కళ్లు, చేతులు, ఖాళీ ప్యానెళ్లు, పేజీ తిప్పే చోట ఏముంది.

బీఎల్ చదివి గే మనుషుల జీవితం తెలిసిపోయిందనుకోవడం. ఇది కల్పన. నిజమైన మనుషుల గురించి వాళ్లే చెప్పినవి విడిగా చదవండి. బయట ఇద్దరు అబ్బాయిలను చూసి సెమె, ఉకె అంటూ గుసగుసలాడటం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి.

ఒక్క పుస్తకంతో ట్రోప్‌నే కొట్టిపారేయడం. అదే ట్రోప్‌తో వేరే రచయిత రాసిన ఇంకో పుస్తకం చదివాకే "నాకు పడదు" అనండి. బలవంతం, పిల్లల విషయం మాత్రం దీనికి మినహాయింపు. అక్కడ మళ్లీ మళ్లీ పరీక్షించుకోవాల్సిన పని లేదు.

11. తర్వాతి పుస్తకం ఎంచుకోవడం

మీ నోట్స్‌లో బాగా నచ్చిన కథల మూడు పొరల వాక్యాలు పక్కపక్కన పెట్టండి. ఏ పొర మళ్లీ మళ్లీ కనిపిస్తోందో చూడండి. ఆఫీసు కథలు ఇష్టమనుకునేవాళ్లకు నిజానికి "అర్హత లేదన్న నమ్మకం" అనే అడ్డంకి ఇష్టమై ఉండవచ్చు. అప్పుడు ఆఫీసు వదిలి అదే అడ్డంకి ఉన్న కాలేజీ కథ, పల్లెటూరి కథ తీసుకున్నా నచ్చుతుంది.

కొనే ముందు చివరిసారి:

- నాకు నచ్చే పొర ఇందులో ఉందా
- నేను భరించలేనిది ఇందులో లేదని రెండు వేర్వేరు సమీక్షల్లో సరిచూశానా
- నమూనా పేజీల్లో "వద్దు" అన్న మాట వస్తే దాని తర్వాతి ప్యానెల్ చూశానా
- సంపుటాలన్నీ అనువాదమయ్యాయా, మధ్యలో ఆగిపోయాయా

చివరి ప్రశ్నకు "ఆగిపోయాయి" అన్న జవాబు వస్తే, ఆ పుస్తకాన్ని జాబితాలో పక్కన ఉంచి, ఒకే సంపుటిలో ముగిసే కథతో మొదలుపెట్టండి.